వావిలాకు నీళ్లు

అమ్మ సంవత్సరీకాలు ముగించుకుని తెనాలి నుంచి తిరిగి వస్తుంటే కాలువ కట్ట మీద కారు ఆగిపోయింది. ఎదురుగా వరిగడ్డి వేసుకొచ్చిన ట్రాక్టరు మలుపు తిరగలేక అడ్డంగా నిలబడింది. అది ఎప్పటికి కదులుతుందో తెలియదు. అద్దం దించాను. గాలితో పాటు ఒక వాసన లోపలికి వచ్చింది. ఘాటుగా, కొంచెం చేదుగా, కర్పూరాన్నీ మిరియాలనూ కలిపి నలిపినట్టు. అంతే, నా వీపు మీద ఎవరో చెంబెడు వేణ్నీళ్లు కుమ్మరించినట్టయింది.

దిగి చూశాను. కట్ట వారన వావిలి పొద. ఒక్కో కాడకు ఐదేసి ఆకులు, పైన పచ్చగా, కింద బూడిద పూసినట్టు తెల్లగా. గొడ్లు మూతి పెట్టవని ఒకప్పుడు దీన్ని చేల గట్లకు కంచెగా వేసేవారు. ట్రాక్టరు చక్రాలు సగం పొదను తొక్కేశాయి. వాసన అందుకే అంత దట్టంగా ఉంది.

ఒళ్లు నొప్పులకు ముసలివాళ్లు కూడా వావిలాకు నీళ్లు పోసుకుంటారు. కానీ మా వైపు ఆడవాళ్లకు ఈ వాసన అంటే ముందు గుర్తొచ్చేది పురిటిల్లే. హైదరాబాదులో మా అమ్మాయికి ఇప్పుడు ఏడో నెల. ఏమీ ఆలోచించకుండా ఒక పెద్ద కొమ్మ విరిచి, డ్రైవరు వింతగా చూస్తుండగా డిక్కీలో పెట్టించాను. ఇల్లు చేరేదాకా ఆ వాసన నన్ను ఎక్కడెక్కడో తిప్పుతూనే ఉంది.

* * *

అమ్మమ్మ ఇంట్లో వంటింటి వెనక ఒక చిన్న చీకటి గది ఉండేది. మామూలు రోజుల్లో అందులో ధాన్యం బస్తాలు, ఓటి కుండలు, ఒక విరిగిన తొట్టి. ఎవరికైనా నెలలు నిండుతున్నాయంటే బస్తాలు వసారాలోకి వచ్చేవి. గోడలకు సున్నం, నేలకు పేడ అలుకు, మధ్యలో నులక మంచం. ఫలానా వాళ్లకు కాన్పు రాబోతోందని పిల్లలకు ఎవరూ చెప్పేవారు కాదు. బస్తాలు కదిలాయంటే మాకే తెలిసిపోయేది. పెద్దమ్మ పిల్లలు, మేము ముగ్గురం, పిన్ని పిల్లలు, అందరం ఆ గదిలోంచి వచ్చినవాళ్లమే.

అమ్మమ్మ సన్నాహాలు రెండు మూడు నెలల ముందే మొదలయ్యేవి. మొదటిది పాత చీరలు చింపడం. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన నూలు చీరలను తీసి, మళ్లీ ఒకసారి ఉడకబెట్టి, ఎండేసి, మధ్యాహ్నం అరుగు మీద కూర్చునేది. అంచు దగ్గర పళ్లతో చిన్న గాటు పెట్టి రెండు చేతులా లాగితే చర్రుమని ఒకే గీతన చిరిగేది. ఆ చప్పుడు ఎదురింటికి వినిపించేది. వాళ్లు ఏదో పని ఉన్నట్టు వచ్చి అరుగు మీద చేరి, వాళ్ల దగ్గరున్న పాత చీర కూడా ఒకటి ఇచ్చి వెళ్లేవారు. పుట్టే బిడ్డ పొత్తిళ్లలో ఆ వీధిలోని ఆడవాళ్లందరి చీరలూ తలా కాస్త ఉండేవి.

తర్వాత కట్టెలు. పొగ రాకుండా నిప్పు నిలిచే తుమ్మ మొద్దులే కావాలి. కుంపటికి బొగ్గులు. ఏడాది నిలవ ఉన్న పాత బియ్యం, ఆవునెయ్యి, సూర్యలంక వైపు నుంచి బుట్టలో వేసుకొచ్చి అమ్మే ఎండు సొరచేప. సొర పిట్టు తింటే బాలింతకు పాలు పడతాయని మా ఇళ్లలో గట్టి నమ్మకం. ఆ పైన కాయం. శొంఠి, పిప్పళ్లు, మోడి, మిరియాలు, వాము రోట్లో పోసి దంచుతుంటే ఇంటిల్లిపాదికీ తుమ్ములే. గేదెలు కూడా తుమ్మేవని చిన్నమామయ్య ప్రమాణం చేసేవాడు. ఆ పొడిని బెల్లం పాకంలో వేసి, నువ్వులనూనె పోస్తూ కలిపి కలిపి నల్లటి ముద్ద చేసి జాడీకి ఎత్తేది అమ్మమ్మ. ఒకసారి నేనూ, పెద్దమ్మ కొడుకూ అది మిఠాయి అనుకుని దొంగతనంగా నోట్లో వేసుకున్నాం. ఆ మంట చల్లారడానికి ఇద్దరం కలిసి ముంతెడు మజ్జిగ తాగి, మజ్జిగ దొంగలుగా కూడా దొరికిపోయాం.

ఇంత చేసేది గానీ, పుట్టబోయే బిడ్డ కోసమని ఒక్క వస్తువు కొనేది కాదు. చొక్కా లేదు, టోపీ లేదు, గిలక్కాయ లేదు. విరిగిన తొట్టి బాగు చేయించమంటే కూడా, "రానీ, వచ్చాక చూద్దాం" అనేది. గది నిండా సామానే, అంతా తల్లి కోసం. బిడ్డ కోసం ఉన్నవి చిరుగు గుడ్డలు మాత్రమే.

* * *

మా పెద్దమామయ్యకు బడి రిజిస్టరులో ఏదో మంచి పేరు ఉండేదట. ఎవరికీ గుర్తులేదు. పెళ్లి శుభలేఖలో కూడా పుల్లయ్య అనే అచ్చు వేయించారు.

ఆయనకు ముందు ఇద్దరు మగపిల్లలు పుట్టి పోయారు. ఒకడు పురిటి మంచం మీదే, ఎనిమిదో రోజున, ఒళ్లు బిగుసుకుపోయి. బొడ్డు కోసిన కొడవలి వల్ల వచ్చే జబ్బు అదని, తల్లికి ముందే రెండు సూదులు వేస్తే రాదని అప్పుడెవరికీ తెలియదు. రెండోవాడు పాకే వయసులో విరేచనాలతో పోయాడు. మూడోసారి మళ్లీ మగపిల్లవాడు. మంత్రసాని బొడ్డు కోయగానే బిడ్డను చేటలో పెట్టుకుని పెరటి వైపు నడిచింది. అక్కడ భోజనాలు చేసి పారేసిన పుల్లి విస్తళ్ల కుప్ప. దాని మీద బిడ్డను పడుకోబెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చి, మళ్లీ వెళ్లి, "అయ్యో, ఎవరి బిడ్డో" అంటూ ఎత్తుకొచ్చింది. అమ్మమ్మ ఆ "దొరికిన" బిడ్డను చేటెడు నూకలు ఇచ్చి కొనుక్కుంది. ఎంగిలి విస్తరి పాలైనవాణ్ని చావు కూడా ముట్టదని లెక్క. పుల్లయ్యలు, పెంటయ్యలు, ఉత్తరాంధ్రలో తవుడుకు అమ్మి తెచ్చుకున్న తవిటయ్యలు, అందరి పేర్ల వెనకా ఇలాంటి ఒక పెరడు ఉంటుంది. ఆ పేర్లు చూసి నవ్వేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"అమ్మమ్మా, నీకు ఎంతమంది పిల్లలు?" అని అడిగితే ఒకసారి ఐదుగురనేది, ఒకసారి ఆరుగురనేది. వేళ్లు మడిచి లెక్కపెట్టడం మాత్రం ఎప్పుడూ చూడలేదు. ఎనిమిది కాన్పులని అమ్మ చెబితే తెలిసింది. 1980 ప్రాంతంలో కూడా మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో వందమందికి పైగా ఏడాది నిండకముందే పోయేవారు. ఇప్పుడు ఆ సంఖ్య ముప్పై లోపుకు దిగింది. మొన్న మా అమ్మాయికి చెబితే "అంతమందా!" అని ఫోను పక్కన పెట్టేసింది. అమ్మమ్మ కన్నది అంతకంటే గడ్డు రోజుల్లో. ఆమెకు ఈ అంకెలు తెలియవు. ముందుగా చొక్కా కుట్టించకూడదని మాత్రం తెలుసు.

ఆ ఎనిమిదిలో ఐదోది మా అమ్మ. రెండు రోజులు నొప్పులు పడినా బిడ్డ అడ్డం తిరిగి రాకపోతే, అమ్మమ్మను ఎడ్లబండిలో తెనాలికి, అక్కడి నుంచి రైల్లో గుంటూరుకు తీసుకెళ్లారు. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి. అన్నా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ 1883లో వచ్చి, 1898లో ఆడవాళ్ల కోసం కట్టించిన ఆసుపత్రి అది. చుట్టుపక్కల ఊళ్లలో కుగ్లరమ్మ ఆసుపత్రి అంటేనే తెలిసేది. "కుగ్లరమ్మే చేయి పెట్టి మీ అమ్మను తీసింది, చల్లటి చేయి" అని అమ్మమ్మ చివరిదాకా చెప్పేది. అమ్మ పుట్టేనాటికి ఆ డాక్టరమ్మ పోయి పద్దెనిమిదేళ్లు. ఆవిడ 1930లోనే కన్నుమూసింది. పెద్దయ్యాక ఈ సంగతి చదివినా అమ్మమ్మకు చెప్పబుద్ధి కాలేదు. ఆ చల్లటి చేయి ఎవరిదైతేనేం, అమ్మ దక్కింది.

* * *

నాకు బాగా గుర్తున్న పురుడు పిన్నిది.

పిన్నిని ఏడో నెలలో తీసుకొచ్చాం. అమ్మా నేనూ బాపట్ల బస్సులో, నా ఒళ్లో చలిమిడి ఉన్న ఇత్తడి గిన్నె. తడి బియ్యప్పిండి, బెల్లం పాకం, వేయించిన గసగసాలు, కొబ్బరి ముక్కలు. కడుపు చలవకని పుట్టింటివాళ్లు పట్టుకెళ్లే చలిమిడి అది. బస్సు గతుకు వేసినప్పుడల్లా మూత లేచి వాసన వచ్చేది. వియ్యాలవారి వీధిలో ఇంటింటికీ పంచాక మాకు మిగిలింది గిన్నె అడుగున గీకినంత.

వచ్చిన కొద్దిరోజులకే పెద్ద గ్రహణం. 1980 ఫిబ్రవరి 16, శనివారం. హైదరాబాదు దగ్గరి జపాల్-రంగాపూర్ వేధశాల వైపు సూర్యుడు మొత్తంగా మాయమైపోయాడు. మా డెల్టా వైపు అంత కాకపోయినా, మధ్యాహ్నం మూడు దాటాక ఎండ పలచబడి, ఇత్తడి రంగుకు తిరిగి, కోళ్లు గూటికి వెళ్లిపోయాయి. వీధిలో పిట్ట లేదు. కడుపుతో ఉన్నవాళ్లు కదిలితే, గోకితే, గుడ్డ కత్తిరిస్తే పుట్టే బిడ్డకు గ్రహణమొర్రి వస్తుందని భయం. పిన్నిని చీకటి గదిలో వెల్లకిలా పడుకోబెట్టి, ఆమె కదలకుండా చూడమని నన్ను గుమ్మంలో కూర్చోబెట్టారు. ఆవకాయ జాడీల మీద దర్భలు, పిన్ని పొట్ట మీద కూడా ఒక దర్భ. జాడీకీ పిన్నికీ తేడా లేకుండా పోయిందని నాకు నవ్వొచ్చింది. పిన్నికీ వచ్చింది. "నవ్వితే కదిలినట్టా కాదా? అమ్మను అడుగు" అంది. అడగలేదు. ముక్కు మీద దోమ వాలితే నేనే ఊది తోలాను.

నెలకోసారి నర్సమ్మ వచ్చేది. తెల్లచీర, చేతిలో నల్ల గొడుగు, సంచిలో సూదుల డబ్బా. ధనుర్వాతం రాకుండా రెండు సూదులు వేసింది. ఎర్రటి ఐరన్ మాత్రలు ఇచ్చింది. అవి మింగితే బిడ్డ బాగా పెరిగిపోయి కాన్పు కష్టమవుతుందని ఎవరో చెప్పారు. పిన్ని వాటిని ఒక్కొక్కటిగా బంతిమొక్క మొదట్లో పాతిపెట్టేది. ఆ ఏడాది ఆ బంతి విరగబూసింది. మాత్రల మహిమ అనను గానీ, నా కళ్లతో చూశాను.

* * *

రోహిణి కార్తె ఎండల్లో పిన్నికి నొప్పులు మొదలయ్యాయి. కాలువ కట్టేసి నెల దాటింది, బావిలో నీళ్లు అడుగంటాయి. రాత్రంతా మా చెవుల్లో గిలక చప్పుడే. పిల్లలందరినీ వీధరుగు మీద పడుకోబెట్టారు గానీ ఎవరు నిద్రపోతారు? లోపల నుంచి పిన్ని మూలుగు, మధ్యమధ్య మంత్రసాని గొంతు: "ఇంకొక్కసారి, నా తల్లివి కదూ, ఇంకొక్కసారి." మేము ఆవిడను పురుళ్ల మామ్మ అనేవాళ్లం. మనిషి రివటలా ఉండేది, గొంతు మాత్రం గంట. ఆరోగ్య కేంద్రంలో శిక్షణకు వెళ్లివచ్చాక కొడవలి మానేసి, అల్యూమినియం పెట్టెలో కొత్త బ్లేడు, మరగబెట్టిన దారం తెచ్చేది. ఆ పెట్టెను ఎవరినీ తాకనిచ్చేది కాదు.

తాతయ్య పాత్ర ఆ రాత్రంతా ఒక్కటే, గడియారం కింద కూర్చోవడం. బిడ్డ కేరుమనగానే టైము చూడాలి, జాతకానికి. చుట్ట మీద చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. తెల్లవారుజామున కేక వినబడగానే "నాలుగూ ఇరవై" అన్నాడు. చిన్నమామయ్య చేతి గడియారంలో నాలుగూ అయిదు. ఆ పావుగంటలో నక్షత్రం మారిందట. ఏ గడియారం నిజమో తేలక పురోహితుడు రెండు జాతకాలు రాసిచ్చాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్ల పెళ్లికి అది ఎంత పనికొచ్చిందంటే, వచ్చిన సంబంధాన్ని బట్టి గడియారం మార్చుకునేవారు.

ఆడపిల్ల. మంత్రసాని బిడ్డను చేటలో పాతచీర మీద పడుకోబెట్టి, "మహాలక్ష్మి, పట్టండి" అంది. బయట చిన్న నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నాకు గుర్తుంది, నేనూ ఆడపిల్లనే గనుక. తర్వాత తాతయ్య లేచి కాళ్లు కడుక్కుని, బెల్లం ముక్క తెచ్చి అందరికీ పెట్టాడు.

మొదటి రెండు రోజులూ బిడ్డకు తల్లిపాలు పట్టనివ్వలేదు. పసుపుపచ్చటి ముర్రుపాలు మంచివి కావని, జీర్ణం కావని అమ్మమ్మ పిండి పారబోయించింది. బిడ్డకు తేనె నాకించింది. మూడో రోజున వచ్చిన నర్సమ్మ ఆ గిన్నె చూసి గుమ్మంలోనే కేకలేసింది. "అవే అసలు పాలు, బిడ్డకు మొదటి మందు. దూడకు జున్నుపాలు వదలరా మీరు?" ఆవుల సంగతి ఎత్తగానే అమ్మమ్మ మెత్తబడింది. "అంతా పిండుకోం, దూడకు కాస్త వదులుతాం" అని ఒప్పుకుంది. ఇప్పుడు పుట్టిన గంటలోపే తల్లిపాలు పట్టమంటున్నారు, ఆరు నెలలదాకా మంచినీళ్లు కూడా వద్దంటున్నారు. ఏడాది నిండేదాకా తేనె ప్రమాదమంటున్నారు. అమ్మమ్మ చేసిన తప్పులన్నీ ఇప్పుడు ఒక కాగితం మీద వరసగా రాయవచ్చు. ఆవిడ బతికుంటే చదివించుకుని వినేదేమో కూడా. ఆవుతో పోల్చి చెబితే.

* * *

ఆ ఎండల్లో బాలింత పథ్యం ఒక నరకం.

పిన్ని చెవుల్లో దూది, తలకు గుడ్డ, నడుముకు బిగించి కట్టిన పాత పంచె. కిటికీ మూసి ఉంచాలి, గాలి తగలకూడదు. మంచం కింద నిప్పుల కుంపటి. బయట గుంటూరు జిల్లా మే నెల. పొద్దున కాయం ముద్ద, మధ్యాహ్నం పాత బియ్యపు అన్నంలో శొంఠిపొడి, వెల్లుల్లి కారం, నెయ్యి. ఇంత కారం తిన్నాక మంచినీళ్లు మాత్రం కాచి చల్లార్చినవి అరగ్లాసు. ఎక్కువ తాగితే పొట్ట జారుతుందని, ఒళ్లు నీరు పడుతుందని పెద్దవాళ్ల మాట.

నాలుగో రోజు మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా నేను పెరట్లో మామిడి పిందెలు ఏరుకుంటున్నాను. పురిటి గది కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది. పిన్ని కళ్లు. "అమ్మాయ్, కుండలో నీళ్లు." ఆ గొంతు పిన్నిది కాదనిపించింది. ఎండిన ఆకు మీద నడిచినట్టుంది.

పురిటి మైల పదకొండో రోజుదాకా పోదు. పిన్నిని ముట్టుకోకూడదు. వాకిట్లో ఇసుక మీద పెట్టిన మట్టికుండ నీళ్లు ఆ గదిలోకి పోకూడదు. ఈ రెండూ నాకు బాగా తెలుసు. కుండలో గ్లాసు ముంచి తెచ్చాను. కిటికీ చువ్వల సందులో గ్లాసు పట్టలేదు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. పిన్ని లోపల వెతికి, బిడ్డ ఉగ్గుగిన్నె అందించింది. వెండిది, అరచేతిలో ఇమిడేది, ముందు సన్నటి కొమ్ము. దాంట్లో నీళ్లు పోసి, కొమ్మును చువ్వల మధ్య పెట్టి వంచాను. పిన్ని కళ్లు మూసుకుని నోరు తెరిచింది. ఒక్కో గిన్నెకు రెండు గుక్కలు కూడా ఉండవు. పది, పన్నెండు సార్లు పోశాను. కుండ నీళ్లలో వట్టివేరు వాసన. గడ్డం మీదుగా కారిన నీటిని కూడా వేలితో తుడిచి నాకింది పిన్ని.

పదకొండో రోజుదాకా రోజూ అదే మా పని. ఎండ నడినెత్తికి రాగానే నాకు పిందెలు గుర్తొచ్చేవి. పిన్నికి పొట్ట జారలేదు, నీరు పట్టలేదు, పాలు మాత్రం సమృద్ధిగా పడ్డాయి. అదంతా సొర పిట్టు చలవే అంది అమ్మమ్మ.

* * *

అంత బాధలోనూ పిన్ని ఎదురుచూసే పూట ఒకటుండేది. స్నానం.

తెల్లవారకముందే పెరట్లో మూడు రాళ్ల పొయ్యి మీద కాగు ఎక్కేది. వావిలి రెమ్మలు కట్టగట్టి అందులో వేస్తే, నీళ్లు మరిగి మరిగి తేనీటి రంగుకు వచ్చేవి. తాటాకు తడికల స్నానాల గదిలో పిన్నిని పీట మీద కూర్చోబెట్టి, ఒళ్లంతా పసుపూ నువ్వులనూనే పట్టించి, పురుళ్ల మామ్మ నీళ్లు పోసేది. మామూలుగా కాదు, చెంబు తల కంటే పైకెత్తి నడుము మీద ధారగా కొట్టాలి. "అమ్మా, కాలుతోంది" అని పిన్ని ఏడుపు, "కాలాలి, ఎముకలు మళ్లీ చోటుకు రావాలి" అని మామ్మ సమాధానం. ఏడుపు కాస్తా నాలుగో చెంబుకు మూలుగయ్యేది, పదో చెంబుకు ఏమీ వినిపించేది కాదు. బయటికి వచ్చేసరికి ముఖం వాడిన తామరాకులా ఉండేది. బోర్లించిన వెదురుబుట్ట కింద కుంపటి పెట్టి, సాంబ్రాణి వేసి, దాని మీద జుట్టు పరిచి ఆరబెట్టేవారు. పిన్ని అలాగే నిద్రపోయేది. ఆ నిద్రలోంచి బిడ్డ ఏడ్చినా లేపేవారు కాదు. అమ్మ, పెద్దమ్మ, ఎదురింటి అత్తయ్య, ఎవరో ఒకరి భుజం మీద బిడ్డ ఉండేది.

తర్వాత బిడ్డ వంతు. అమ్మమ్మ పీట మీద కూర్చుని కాళ్లు చాపేది. పిక్కల మీద బిడ్డను బోర్లా వేసుకుని, మాడుకు ఆముదం అద్ది, వెన్ను మీద బొటనవేళ్లతో పైకీ కిందికీ రాసేది. పెసరపిండిలో మీగడ కలిపి నలుగు. నీళ్లు ముందు తన మోచేతి మీద పోసుకుని చూసేది. వెల్లకిలా తిప్పి ముక్కు దూలం నొక్కడం, తల గుండ్రం చేయడం. మా ముక్కులన్నీ ఆవిడ చేతి పనే అని గర్వం. మా నాన్న అన్నగారి పిల్లల ముక్కులు చూపించి "వాళ్లకు ఎవరూ తీర్చలేదు పాపం" అనేది. ఆఖరి చెంబు నీళ్లు బిడ్డ చుట్టూ తిప్పి పారబోస్తూ "శ్రీరామరక్ష" అనేది, ఆ ఒక్క మాట మాత్రం గొంతు తగ్గించి. ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ పిల్ల పొత్తిగుడ్డలో చుట్టేసరికి నోరు తెరుచుకుని నిద్రలో ఉండేది. బుగ్గన ఆముదం దీపం మీద పట్టిన కాటుకతో దిష్టిచుక్క. కాటుక మట్టుకు నేను మా అమ్మాయి బిడ్డకు పెట్టనివ్వను. కంటికి మంచిది కాదని డాక్టర్లు ఊరికే అనడం లేదు. అరికాలికి చుక్క పెడితే చాలదా?

ఇరవై ఒకటో రోజున తొట్టెలో వేశారు, పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాశారు, శనగలు పంచారు. విరిగిన తొట్టి బాగుచేయించింది దానికి రెండు రోజుల ముందు.

* * *

నా కాన్పు గుంటూరులో ఒక నర్సింగ్‌హోములో. ఆపరేషను. ఎందుకు కోయాల్సి వచ్చిందో నాకు సరిగ్గా ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు, ఆ రోజుల్లో అడిగేవాళ్లం కాదు. కుట్లు విప్పాక ఇంటికి వస్తే అమ్మ కాగు సిద్ధం చేసి ఉంచింది. అద్దె ఇల్లు, స్నానాల గదిలో ఇద్దరు పట్టేంత చోటు లేదు. అమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని గుమ్మంలో నిలబడి పోసింది. వావిలాకు తెనాలి నుంచి మామయ్య గోనెసంచిలో పంపాడు. కుంపటి పెట్టలేదు, ఫ్యాను ఆపలేదు, మంచినీళ్లు చెంబుతో మంచం పక్కనే పెట్టింది. మొదటి చెంబు వీపు మీద పడినప్పుడు నాకు ఏడుపొచ్చింది. నొప్పికి కాదు. పదిహేను రోజులుగా నన్ను అందరూ పట్టుకుని చూస్తున్నారు, కోస్తున్నారు, కుడుతున్నారు. నా ఒంటిని ఒక ఒంటిలా ముట్టుకున్నది ఆ నీళ్లే.

పన్నెండు వారాల సెలవు అయిపోగానే ఉద్యోగానికి వెళ్లాను. అప్పటి చట్టం అంతే. మధ్యాహ్నానికి పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిస్తే ఫైలు అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని. 2017లో సెలవు ఇరవై ఆరు వారాలు చేశారని పేపర్లో చదివినప్పుడు, ఆ ఫైలు రంగు కూడా గుర్తొచ్చింది. ఆకుపచ్చ.

* * *

కొమ్మతో సహా ఇంట్లో అడుగుపెట్టేసరికి రాత్రి పది. అమ్మాయి అప్పుడే వచ్చిన అట్టపెట్టె విప్పుతోంది. ఈ పెట్టెలు రెండు నెలలుగా వస్తూనే ఉన్నాయి. పిల్లకు ఒక గది. గోడలకు లేత పసుపు రంగు, మేఘాల బొమ్మలు. చొక్కాలు నెలల వారీగా మడిచి అరల్లో ఉన్నాయి. ఉయ్యాల, స్నానపు తొట్టి, పాల సీసాలు మరగబెట్టే యంత్రం. గర్భం రాకముందు నుంచే ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంది. బిడ్డ వెన్నెముక మొదటి నెలలోనే రూపు కడుతుంది, నెల తప్పిందని తెలిసేసరికే ఆలస్యం కావచ్చు అని నాకే పాఠం చెప్పింది. మాత్రలు బంతిమొక్కకు పెట్టే రకం కాదు నా కూతురు. నాకు గర్వంగానే ఉంటుంది.

అయినా ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా నా చేతులు చల్లబడతాయి. ఆ చిన్న చొక్కాలు తాకలేను. నాకు మూఢనమ్మకాలు లేవనే అనుకుంటాను. పుల్లయ్య మామయ్య గుర్తొస్తాడు, అంతే. ఇంకొకటి కూడా తడుతుంది. ఫోనులో ఆమె రాసుకున్న జాబితా చూశాను, డెబ్బై మూడు వస్తువులు. తనకోసమని ఉన్నవి రెండు. ఆసుపత్రికి చెప్పులు, ఫోను ఛార్జరు.

"ఈ చెట్టేమిటమ్మా?" అంది కొమ్మ చూసి. చెప్పాను. వాసన చూసి ముఖం చిట్లించింది. మళ్లీ ఒకసారి చూసింది.

పిన్నికి ఫోను చేశాను. అరవై ఐదేళ్లు, మోకాళ్ల నొప్పులు, అయినా పురిటికి వస్తానని నెల కిందటే టికెట్టు కొనుక్కుంది.

"రెండు నెలల ముందే కోసుకొచ్చావా? ఎండితే అది గడ్డితో సమానం. పచ్చిదే కాచాలి. నేను వచ్చేటప్పుడు సంచెడు తెస్తాలే. ఇంకేం కావాలి?"

"ఉగ్గుగిన్నె ఉందా పిన్నీ, నీ దగ్గర?"

"ఉంది. కానీ ఆరు నెలలదాకా పసిబిడ్డకు ఏమీ పట్టకూడదట కదా, మా కోడలు నన్ను దగ్గరికే రానివ్వలేదు."

"పసిబిడ్డకు కాదులే."

అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత అడిగింది, "మీ ఫ్లాటులో కిటికీలకు చువ్వలున్నాయా?"